ఆపత్కాలమునందలి యారాధనము

ఆపద వచ్చినప్పుడు దేవుని దలఁపనివారు మన దేశమున నరుదు. వ్యాజ్యము గెలిచినచో నిన్ని రూపాయలనియు, బిడ్డకు జ్వరము తగ్గినచో నింత బంగారమనియు మ్రొక్కుకొనుట యింటింటను జూచుచున్నాము. భయార్తుఁడైన తండ్రి నోట వెలువడిన మాట నపహసించుట మనుష్యత్వము గాదు. కాని యీ మ్రొక్కుబడిలో నొక బేరము దాఁగియున్నది. కార్యము కాకపోయెనా, బేరము చెడును; దానితోడ విశ్వాసమును జెడును. బిడ్డను బోఁగొట్టుకొన్న యా తండ్రికి దేవుఁడు మాట తప్పినవానివలెఁ గనఁబడును.

బ్రాహ్మోపాసనక్రమములో ఆరాధనము ముందు, ప్రార్థన పిమ్మట. ఆపద్దినములందును ఈ క్రమము మాఱఁగూడదని మా యభిప్రాయము. గుండె మండుచుండఁగా స్తుతి యెట్లు వచ్చును, అది ముఖస్తుతి కాదాయని కొందఱు మిత్రులు మమ్ము నడిగియున్నారు. ముఖస్తుతి కోరువారు లోకములోని దొరలు. దివాను కచ్చేరీలలో దానిని మనము కావలసినంత చూచియున్నాము. ఆరాధన మట్టిది గాదు. ఈశ్వరుఁడు సత్యస్వరూపుఁడనియు, మంగళమయుఁడనియు నిన్న సుఖములో నొప్పుకొన్న మాటను నేఁడు దుఃఖములోను ఒప్పుకొనుటయే యారాధనము. కన్నీరు తుడుచుకొని లేని సంతోషము నటింప నక్కఱలేదు. ఏడ్చుచునే యీ మాట చెప్పవచ్చును. అట్లు చెప్పిన పిమ్మట చేయు ప్రార్థన వేఱుగా నుండును. నా యప్పు తీర్పుమని యడుగఁబోయినవాఁడు, ఈ యప్పులో నన్ను ధర్మము దప్పనీయకుమని యడుగును.

ఇది మాటలకేకాని చేఁతలకుఁ గాదందురేమో. వంగదేశమున నిది జరిగినది. ద్వారకానాథ ఠాకూరుగారు 1846వ సంవత్సరము ఆగష్టు 1వ తేదిని లండను నగరమున గతించిరి. 1848లో వారి కార్ టాగూర్ కంపెనీ కూలిపోయెను. లెక్క చూడఁగా అప్పు కోటి రూపాయలు, రావలసినది డెబ్బది లక్షలు. జ్యేష్ఠపుత్రుఁడైన దేవేంద్రనాథునకు అప్పటికి ముప్పది యేండ్లు. కొన్ని జమీందారీలను తండ్రి 1840లోనే ట్రస్టు క్రింద వ్రాసియుండుటచే అప్పులవారు వానిని ముట్టఁజాలరు. చట్టము ఆయన పక్షముననే యున్నది. అట్టియెడ ఎందఱు పెద్దమనుష్యులు మాఱు పలుకుదురో మన జిల్లాలలోని కోర్టులనే యడుగవచ్చును.

దేవేంద్రనాథుఁడు ఆ ట్రస్టు భూములనుగూడఁ దెచ్చి అప్పులవారి ముందు పెట్టెను. తొలియౌవనమునఁ జేతఁబడిన ఈశోపనిషత్తు చిఱుఁగుపుట యొకటి ఆయన జీవితమును మలచినది. సమస్తమును ఈశ్వరునిచే నావరింపఁబడినదనియు, పరధనమునం దాశ పెట్టుకొనరాదనియు దాని భావము. దినదినమును ఆరాధనలో దీనిని ధ్యానించినవానికి, చట్టము విడిచిపెట్టినను ఆ భూమి పరధనముగానే తోఁచియుండవలెను. ఆయన బండ్లను, గుఱ్ఱములను వేలము వేయించి, నౌకరులను దగ్గించి, భోజనవస్త్రములను మితపఱచుకొనెను. అప్పులవారు చలించి, ఆస్తి నంతయుఁ జేకొనక, కుటుంబమునకు సంవత్సరమునకు ఇరువదియైదు వేల రూపాయల నేర్పఱచిరి. ఆ 1848లోనే ఆయన ఉపనిషద్వాక్యములతో బ్రాహ్మధర్మ గ్రంథమును గూర్చెను. అప్పు లెక్కలు ఒకచేత, ఆ గ్రంథము ఒకచేత నున్న దినము లవి.

ప్రార్థించినందున కష్టము తొలఁగిపోయెనని మేము వ్రాయము. 1854లో తమ్ముఁడు గిరీంద్రనాథుఁడు మరణించెను. అప్పటికిని ఋణములు తీఱలేదు. ఏండ్లకొలఁది కొంచెము కొంచెముగాఁ దీర్చిరి. ద్వారకానాథుఁడు ధర్మసంఘమొకదానికి లక్ష రూపాయలిత్తునని నోటిమాటగాఁ జెప్పి చెల్లింపకయే పోయియుండెను. దావాలేని ఆ లక్షను గూడ పుత్రుఁడు వడ్డీతోఁ జెల్లించెను.