వరదలో తల్లీపిల్లలు ఒకే పడవలో

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే కోనసీమ లంకల్లో సర్దుడు మొదలవుతుంది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది. బూరుగులంక, ఊడిమూడిలంక జనానికి పడవే దిక్కు. పశువుల్ని ఏటిగట్టుకు తోలతారు. మేకల దగ్గరికి వచ్చేసరికి ఆ క్రమం ఉండదు, ఎవరి చేతికి ఏది దొరికితే దాన్ని ఎత్తి పడవలో వేస్తారు. తల్లి ఒక పడవలో, ఆ పొద్దుటే పుట్టిన పిల్ల ఇంకో పడవలో. సాయంత్రం గట్టు మీద రెంటినీ కలిపితే తల్లి ఒకసారి వాసన చూసి కుమ్మి అవతల పడేస్తుంది. "దీనికి పొగరెక్కింది" అని తిట్లు తినేది మేకే. పాపం, దాని తప్పేమీ లేదు.

మాఘ ఫాల్గుణాల్లో చూలు నిలిచిన మేకలు అయిదు నెలలకు, అంటే సరిగ్గా ఆషాఢ శ్రావణాల్లో ఈనుతాయి. గోదావరి పొంగేదీ అప్పుడే. 2022లో అయితే జూలైలోనే మూడో హెచ్చరిక దాకా వచ్చింది.

పిల్ల బయటికి వచ్చేటప్పుడు గర్భద్వారం సాగుతుంది. దాంతో తల్లి మెదడులో ఆక్సిటోసిన్ విడుదలై, పిల్ల ఒంటి మీది ఉమ్మనీటి వాసన దానికి ఇష్టమవుతుంది. అది నాకుతూ నాకుతూ ఆ పిల్ల వాసనను గుర్తుపెట్టుకుంటుంది. ఈ అవకాశం ఎంతోసేపు ఉండదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పీటర్ క్లాప్ఫర్ బృందం దీన్ని పరీక్షించి 1964లో ఫలితాలు ప్రచురించింది. పుట్టగానే అయిదు నిమిషాలు పిల్లతో గడిపిన మేకల్లో ఎక్కువ భాగం, ఆ తర్వాత మూడు గంటల దాకా విడదీసినా తమ పిల్లను దగ్గరికి తీసుకున్నాయి. ఆ అయిదు నిమిషాలూ దక్కని మేకలు మాత్రం గంట తర్వాత ఇచ్చిన పిల్లను ఎక్కువగా తన్ని తరిమాయి.

కాబట్టి నీళ్లు గుమ్మంలోకి వచ్చినా సరే, అప్పుడే ఈనిన మేకను పిల్లను నాకనివ్వాలి. పడవవాడు కేకేస్తాడు, వేయనివ్వండి. ఆ తర్వాత తల్లినీ పిల్లనూ ఒకే పడవలో ఎక్కించాలి. నాలుగు మేకల పిల్లల్ని ఒకే గంపలో కుక్కితే ఒకదాని వాసన ఇంకోదానికి అంటుకుంటుంది. గట్టు చేరాక బురద పోవాలని పిల్లను కడిగేయడం ఇంకా పెద్ద పొరపాటు. పొడి గోనెతో అద్దితే చాలు. తల్లి ముఖ్యంగా పిల్ల తోక కింద వాసన చూస్తుంది, అక్కడ వేరే వాసన వచ్చేదేమీ పూయకూడదు. బొడ్డుకు మాత్రం టింక్చర్ అయోడిన్ తప్పనిసరిగా రాయాలి.

కొన్ని గంటలు గడిచాక తల్లి పిల్ల అరుపును, రూపును కూడా పోల్చుకోవడం మొదలుపెడుతుంది. పాలు మాన్పించి నెలలు గడిచాక కూడా మేకలు తమ పిల్లల అరుపును గుర్తుపడతాయని లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో ఎలోడీ బ్రీఫర్, అలన్ మెక్‌ఎలిగట్ 2012లో చూపారు. అయినా పిల్ల పొదుగు దగ్గరికి వచ్చినప్పుడు తీర్పు చెప్పేది ముక్కే.

తల్లి తన్నేస్తుంటే ముందు పొదుగు పట్టి చూడాలి. వేడిగా, గట్టిగా ఉంటే అది పొదుగువాపు. నొప్పికి తన్నుతోంది తప్ప పిల్ల మీద కోపంతో కాదు. పొదుగు బాగుంటే, తల తిప్పి కుమ్మే వీలు లేకుండా పొట్టి తాడుతో గుంజకు కట్టి, వెనక కాలు పట్టుకుని మూడు నాలుగు గంటలకోసారి పిల్లకు పాలు పట్టించాలి. ఆ తల్లి పాలనే కాస్త పిండి పిల్ల తల మీద, తోక దగ్గర రాయాలి. కొన్ని రోజుల్లో చాలా మేకలు దారికొస్తాయి. తొలిచూలు మేకలు మొండికేయడం ఎక్కువ, వాటి దగ్గర ఓపిక పట్టాలి. తల్లి పోయిన పిల్ల ఉంటే, అప్పుడే ఈనుతున్న మరో మేక ఉమ్మనీటిని దాని ఒళ్లంతా పూసి ముందుకు నెడితే తన పిల్లగానే నాకుతుంది.

ఇదంతా అయ్యేదాకా పిల్ల ఆకలితో ఉండకూడదు. పుట్టిన గంటలోపు జున్నుపాలు కడుపులో పడాలి. మొదటి రోజు మొత్తం మీద పిల్ల బరువులో పదో వంతు పట్టాలి. రెండు కిలోల పిల్లకు 200 మిల్లీలీటర్లు, నాలుగైదు విడతలుగా, గోరువెచ్చగా. తల్లి ఇవ్వకపోతే అప్పుడే ఈనిన ఇంకో మేకవి, అవీ లేకపోతే ఆవు జున్నుపాలు సీసాతో పట్టవచ్చు. జున్ను వండుకోవాలన్న ఆశ ఆ ఒక్కరోజు పక్కన పెట్టాలి!

మాయ పన్నెండు గంటలకూ పడకపోతే చేత్తో లాగకుండా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయాలి, లేదా ఊళ్లోని పశుసంవర్ధక సహాయకుణ్ణి పిలవాలి. నెలలు నిండిన చూడి మేకలున్నవాళ్లు మాత్రం రెండో హెచ్చరిక కోసం చూడకుండా, మొదటి హెచ్చరికకే వాటిని గట్టు మీద పరదా కింద కట్టేయండి.