తీరగ్రామముల బావినీటి పరీక్ష
(అల్లూరు ప్రాంతపు రైతులకు)

అల్లూరు, ఇస్కపల్లి మొదలగు నెల్లూరు తీరగ్రామములలో కాలువనీరు చాలని కయ్యలకు బావియే ఆధారము. ఆ బావినీరు ఉప్పెక్కినచో రైతు సాధారణముగా బావిని మరింత లోతు చేయించును, లేదా పెద్ద మోటారు పెట్టించును. ఈ రెండును కొన్ని చోట్ల మేలు చేయక కీడునే చేయును. కావున ముందుగా ఉప్పు ఏ దారిన వచ్చినదో తెలిసికొనవలెను.

ఉప్పు వచ్చు దారులు

ఇవి ముఖ్యముగా మూడు.
1. సముద్రజలము భూమిలోపల ముందుకు వచ్చి బావిలో కలియుట.
2. రొయ్యల చెరువులు, ఉప్పుకయ్యలు, మురుగు నిలిచిన పొలములు వీనిలో నీరు ఎండకు ఆవిరియై, మిగిలిన ఉప్పునీరు క్రిందికి ఇంకుట.
3. పూర్వకాలమున సముద్రమున్న చోట బంకమట్టి పొరలలో చిక్కిన ఉప్పు మెల్లగా వెలువడుట.

తీపినీటి పొర

ఇసుకనేలలో వాననీరు బరువైన ఉప్పునీటిపై తేలియుండును. సముద్రమట్టమునకు పైన తీపినీరు 1 అడుగు నిలిచిన చోట, ఆ మట్టమునకు క్రింద ఇంచుమించు 40 అడుగుల వరకు తీపినీరుండును. అనగా అధికముగా తోడుటచే పైమట్టము 1 అడుగు శాశ్వతముగా తగ్గినచో, క్రిందినుండి ఉప్పునీరు కాలక్రమమున 40 అడుగులు పైకి రాగలదు. మన పెద్దలు ఇసుకలో లోతులేని దొరువులు త్రవ్వి, కడవలతో పైనీటిని మాత్రమే ముంచుకొనుటలోని మర్మమిదియే.

రసాయన పరీక్ష

మొదట నీటి విద్యుద్వాహకతను చూతురు. సముద్రజలమున అది మీటరుకు సుమారు 50 డెసీసీమెన్సులు. వరికి పెట్టు నీటిలో 2 మించినచో దిగుబడి తగ్గనారంభించి, 5కు సమీపించునప్పటికి సగమగును. సముద్రజలము ఇరువదింట ఒక పాలు కలిసినను వరికి హానియే.

పిమ్మట సోడియమును క్లోరైడుతో పోల్చి చూతురు. మిల్లీఈక్వివలెంట్లలో లెక్కించినపుడు సముద్రజలమున ఈ నిష్పత్తి 0.86. ఉప్పునీరు క్రొత్తగా ముందుకు వచ్చునపుడు బంకమట్టి సోడియమును పట్టుకొని కాల్షియమును విడుచును. అందుచే నిష్పత్తి 0.86 కంటె తగ్గి, కాల్షియము హెచ్చును. తీపినీరు పాత ఉప్పును కడిగివేయుచున్నచో దీనికి విరుద్ధముగా సోడియము, బైకార్బొనేటు హెచ్చును.

ఐసోటోపు పరీక్ష

రసాయన పరీక్షతో సందేహము తీరనిచో నీటినే పరీక్షింపవలెను. నీటిలోని ఆక్సిజను, హైడ్రోజను పరమాణువులలో కొన్ని బరువైనవి కలవు, వీనిని ఐసోటోపులందురు. సముద్రజలమున ఇంచుమించు 500 ఆక్సిజను పరమాణువులకు ఒకటి బరువైనది. నీరు ఆవిరియగునపుడు తేలికపాటివి ముందు పోవును, బరువైనవి వెనుక మిగులును.

ప్రపంచపు వాననీళ్లలో ఈ రెండు బరువు పరమాణువులకు నియతమైన సంబంధము కలదని 1961లో క్రెయిగ్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. ఎండలో నిలిచిన చెరువునీరు ఆ సంబంధమునుండి తొలగును. ఎండు ఉప్పు కరిగినంత మాత్రమున బరువు పరమాణువుల పాలు మారదు. సముద్రజలము కలిసినచో ఆ పాలు, ఉప్పు రెండును కలిసియే పెరుగును. ఈ మూడు గుర్తులచే దారి తెలియును. ట్రిటియమును పరీక్షించినచో ఆ నీటిలో 1950 తరువాతి వాన చేరినదో లేదో కూడ తెలియును.

ఈ పరీక్ష ఖర్చుతో కూడినది. ప్రతి బావికిని రసాయన పరీక్షయు, గ్రామమునకు ఎన్నదగిన కొన్ని బావులకు మాత్రము భూగర్భజలశాఖ ద్వారా ఐసోటోపు పరీక్షయు చేయించుట మేలు.

నీటిని పట్టు విధము

1. వేసవి చివర ఒకసారి, ఈశాన్య ఋతుపవనపు వానలు ముగిసిన పిమ్మట జనవరిలో మరియొకసారి పట్టవలెను.
2. మోటారును కొంతసేపు నడిపి, నిలువనీరు పోయిన పిదప పట్టవలెను.
3. సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, గాలిబుడగ లేకుండ నిండ నింపి బిరడా బిగింపవలెను. మూత వదులైనచో నీరు ఆవిరియై ఐసోటోపు ఫలితము చెడును.
4. గ్రామము, బావి గుర్తు, లోతు, తేదీ సీసాపై వ్రాయవలెను.

ఫలితమునుబట్టి చేయవలసినది

సముద్రజలమైనచో బావిని లోతు చేయరాదు; తోడు నీటిని తగ్గించి, విరామమిచ్చుచు తోడవలెను. ఇసుకనేలలలో బాపట్ల వ్యవసాయ పరిశోధకులు మెరుగుపరచిన దొరువు అనుకూలము. ఇందు తక్కువ లోతున రంధ్రములు గల గొట్టములను అడ్డముగా పరచి, పైపొర నీటిని ఒక బావిలోనికి చేర్తురు.

చెరువుల ఊటయైనచో ఆ చెరువులకు, పొలములకు నడుమ మురుగుకాలువ త్రవ్వింపవలెను. మట్టిలోని పాత ఉప్పైనచో ఆ లోతును విడిచి పైపొర నీటినే వాడుకొనవలెను.

బైకార్బొనేటు, కాల్షియము మెగ్నీషియముల మొత్తమును లీటరుకు 2.5 మిల్లీఈక్వివలెంట్లకంటె మించినచో నేల చౌడగును. దానికి జిప్సము వేయవలెను. కేవలము ఉప్పునీటికి జిప్సము మందు కాదు.

భూమిలోని తీపినీటి పొరకు గట్లు లేవు. ఒకరు మితిమీరి తోడినచో పొరుగువాని బావియు ఉప్పగును. కావున గ్రామరైతులందరు కలిసి పరీక్ష చేయించి, ఫలితములను ఒకే పుస్తకమున వ్రాసియుంచి, ఏటేట పోల్చి చూచుకొనుట శ్రేయస్కరము.