కేల్ మీద మోజు, మే ఎండతో పేచీ

ఈసారి కేల్ అనే ఆకుకూర ముచ్చట చెప్పుకుందాం. మన ఢిల్లీ ఎన్సీఆర్ మిద్దెతోటల వాళ్ళకి ఈ మధ్య ఒకటే కోరిక పట్టుకుంది. ఒకసారి నాటితే నాలుగైదేళ్ళు ఆకు కోసుకునే కేల్ కావాలట! ద్వారకా నుంచి ఒకరు, నోయిడా నుంచి ఇంకొకరు అదే అడుగుతారు. "అక్కా, ఇంగ్లండులో టాంటన్ డీన్ అని ఒక రకం ఉందట, పొదలా పెరిగి ఏళ్ళ తరబడి ఉంటుందట, దాని కొమ్మ ఎక్కడైనా దొరుకుతుందా?" అని. ఉంది తల్లీ, అబద్ధమేం కాదు. దోబెంతోన్ అని ఇంకో రకం కూడా ఉంది. కానీ కొమ్మ కోసం పరుగులు పెట్టే ముందు, అది అన్నేళ్ళు ఎలా బతుకుతుందో వినండి.

మామూలు కేల్ రెండేళ్ళ మొక్క. మొదటి ఏడు ఆకు వేస్తుంది, చలి తిన్నాక పూస్తుంది, గింజ కట్టి పోతుంది. టాంటన్ డీన్ లాంటివి పూతకు రావడమే అరుదు. పూత లేదు కాబట్టి చావూ దూరమే. గింజల జోలికి పోకుండా కొమ్మ విరిచి గుచ్చి పెంచుకుంటారు. జెర్సీ ద్వీపంలో ఒక కేల్ మనిషిని మించి పెరుగుతుంది. దాని కాండాన్ని ఎండబెట్టి, వార్నిష్ వేసి చేతికర్రలుగా అమ్మేవారు. కెన్యాలో సుకుమా వికీ అనే కూర ఈ జాతి ఆకుతోనే చేస్తారు, అక్కడ పెరట్లో కింది ఆకులు కోసుకుంటూ నెలల తరబడి వాడుకుంటారు. భూమధ్యరేఖ దగ్గర ఎలా సాధ్యమంటారా? నైరోబీ దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉంది, అందుకని.

మనమో? 2024 మే 29న ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీలు. ఆ పూట మిద్దె మీద కుండీని చేత్తో తాకి చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. వడగాలికి ఆకు అంచులు మాడతాయి, మిగిలింది తోలులా సాగుతుంది, చేదెక్కుతుంది. జూన్ ఎండను తట్టుకుని నిలిచిన మొక్కకి జూలై వానల్లో వేరు కుళ్ళుతుంది. అందుకే నా మాట వినండి, ఢిల్లీలో కేల్ అంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. ఏళ్ళ తరబడి ఉంటుందన్న ఆశతో డబ్బు పోసి విదేశీ కొమ్మలు తెప్పించుకోకండి.

మరి ఆ ఆరేడు నెలలు ఒక్క మొక్కతో ఎలా నెట్టుకురావాలి? ఆ కిటుకు కాశ్మీరీలని అడగాలి. వాళ్ళ హాక్ ఈ కేల్‌కి దగ్గరి చుట్టమే. 1990 తర్వాత లోయ వదిలి ఢిల్లీకి చేరిన పండిత్ కుటుంబాలకి హాక్, అన్నం ఉంటే పూట గడిచినట్టే, మనకి పప్పు, అన్నం ఉన్నట్టు. మా బ్లాకులో ఒక కాశ్మీరీ పెద్దావిడ ఉన్నారు. ఆవిడ మొక్కని పీకరు, తల తుంచరు. అడుగు నుంచి మూడు నాలుగు ఆకులు, తొడిమ పట్టి కిందికి వంచి టుప్పున విరుస్తారు. నడిమి మొగ్గ, చుట్టూ ఓ అరడజను ఆకులు అలాగే వదిలేస్తారు. మార్చి వచ్చేసరికి ఆ కాండం మోకాలెత్తు అయి, ఆకులు విరిచిన మచ్చలతో కణుపులు కణుపులుగా ఉంటుంది, పైన మాత్రం నిండుగా ఆకుల గుత్తి. వండటమూ తేలికే. ఆవనూనె పొగలొచ్చేదాకా కాచి, ఇంగువ, పచ్చిమిర్చి, నీళ్ళు, ఆకు, ఉప్పు. పసుపు లేదు, ఉల్లి లేదు. మొదటిసారి తిన్నప్పుడు ఇంతేనా అనిపిస్తుంది, రెండోసారి ఆ నీళ్ళు కూడా అన్నంలో పోసుకుంటాం.

విత్తనం ఆగస్టు ఆఖరున గానీ సెప్టెంబరులో గానీ ట్రేలో, నీడపట్టున పోయండి. కరమ్ సాగ్ అని అడిగితే మాలీలకి తెలుస్తుంది. నాలుగైదు ఆకులొచ్చాక, అక్టోబరులో, పన్నెండు అంగుళాల కుండీకి ఒక్క మొక్క చొప్పున మార్చండి. రెండు పెడితే రెండూ బక్కచిక్కుతాయి. నాటిన రెండు నెలలకి కోతకొస్తుంది. తాగునీటి ఆర్‌ఓ ఫిల్టరు నుంచి వచ్చే వ్యర్థపు నీళ్ళు మాత్రం పోయకండి. గుర్గావ్, నోయిడాల్లో నీళ్ళే ఉప్పన, అవి ఇంకా చిక్కనివి. మట్టి మీద తెల్లటి పెచ్చు కట్టిందంటే కారణం అదే.

ఇక అసలు శత్రువు పేనుబంక. జనవరి చివర, చలి కాస్త వెనక్కి తగ్గగానే దిగుతుంది. పైనుంచి చూస్తే మొక్క బాగానే ఉంటుంది. లేత ఆకు తిరగేసి చూడండి, ఈనె పక్కన బూడిద రంగు పొడి రాలినట్టుంటుంది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఆ పొడి కదులుతుంది! వెంటనే పైపు పెట్టి నీటి ధారతో కడిగేయండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా కొట్టండి. ఆ వారం ఆకు కోయొద్దు.

ఇంత తంటా ఎందుకు, బజారులో కొనుక్కోవచ్చు కదా అంటారేమో. యమునా తీరపు మురుగునీటి సాగు సంగతి గుర్తుందా? 2015 జనవరిలో హరిత ట్రిబ్యునల్ ఆ నది ఒడ్డున తినే పంటలు వేయొద్దని ఆదేశించింది. బండి మీది ఆకుకూర ఎక్కడి నేల మీద పెరిగిందో అమ్మేవాడికే తెలియదు. ఇంటి కుండీలో మట్టి మనది. దుమ్ము మాత్రం ఊరందరిదీ, కాబట్టి చలికాలంలో ముడతల కేల్‌ని ఉప్పునీళ్ళలో ఓ పది నిమిషాలు ముంచి, ఆకాకునీ విప్పి కడగండి.

మనింటి వంటకి దీన్ని ఆవ పెట్టి కూరగా చేయండి, ఎలాగూ ఆవాల కుటుంబమే కాబట్టి చక్కగా కలుస్తుంది. కందిపప్పులో వేస్తే ఆకు ముందుగా వేయాలి, పాలకూరలా ఇట్టే మెత్తబడదు. ఒక్క హెచ్చరిక, రక్తం పలచబడే మందులు, అంటే వార్ఫరిన్ లాంటివి వాడే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే డాక్టర్ని అడగకుండా రోజూ పెట్టకండి. కేల్‌లో కె విటమిన్ బాగా ఎక్కువ.

ఎండాకాలానికి మనకో దిట్టమైన ఆకు ఉంది, మరిచిపోయారు. బచ్చలి! చిత్తరంజన్ పార్కు మార్కెట్లో బెంగాలీల పుయీ కట్ట కొని, ఆకు వండుకుని, కాడ మట్టిలో గుచ్చండి. జూన్ ఎండలో నీళ్ళు పోస్తే చాలు, వానల్లో రెయిలింగంతా అల్లుకుంటుంది. డిసెంబరు చలికి అది ముడుచుకునేసరికి మీ కేల్ కోతకొచ్చి ఉంటుంది. ఏడాది పొడవునా ఆకు కావాలంటే ఈ రెండింటినీ జతచేయడమే దారి.

అంత మాటన్నాక కూడా నాకు ఆశ చావలేదు లెండి. ఫిబ్రవరిలో కేల్ పక్క పిలకలు తుంచి ఇసుకలో గుచ్చి, వేరు పట్టాక తూర్పు బాల్కనీలో గ్రీన్ నెట్ కింద పెడుతుంటాను. పెరుగు తోడుకి చెంచాడు దాచినట్టు. మీలో ఎవరింట్లోనైనా మే, జూన్, జూలై మూడూ దాటి బతికిన మొక్క ఉంటే దాన్ని మాత్రం పీకేయకండి. ఇంగ్లండు కొమ్మ కంటే అది పదింతలు విలువైంది. దాని పిలక ఒకటి నాకు, ఇంకొకటి పక్కింటి వాళ్ళకి ఇవ్వండి.