వీధిదీపపు బ్యాటరీ – పరీక్ష

నంబులపూలకుంటలో ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము 2016లో పనిచేయ నారంభించినది. ఆ విద్యుత్తు అప్పటికప్పుడు తీగలవెంట పోవును. పంచాయతీ సౌర వీధిదీపమునకో, పగటి శక్తిని రాత్రికి దాచు గాదె కావలెను. అదియే లిథియం బ్యాటరీ.

12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో నాలుగు సెల్లులు వరుసగా కూర్చబడియుండును. ఛార్జింగులో ఏ సెల్లునందును వోల్టేజి 3.65ను మించరాదు. ఒకటి ముందుగా నిండినచో రక్షణ పరికరము ఛార్జింగును ఆపివేయును. తక్కినవి అరకడుపుతో నిలిచిపోవును. అన్నిటిని ఒకే మట్టమునకు తెచ్చుటయే సమతుల్యము. దీపము అర్ధరాత్రి ఆరినంతనే కొత్త బ్యాటరీకి తీర్మానము చేయుట తొందరపాటు. ముందుగా ఈ పని చేయించుడు.

పిదప సామర్థ్య పరీక్ష. 100 ఆంపియర్-గంటల బ్యాటరీని పూర్తిగా నింపి, 20 ఆంపియర్ల చొప్పున వాడినచో 5 గంటలు రావలెను. 4 గంటలకే ఆగినచో మిగిలినది 80 మాత్రమే. కొత్త సరుకును గూడ సభ్యుల యెదుట ఇట్లు కొలిపించిన పిమ్మటనే బిల్లు చెల్లించవలెను.