అఫేసియా, అప్రాక్సియా, అగ్నోసియా: తేడా తెలిస్తే మార్కు మీదే

పోటీ పరీక్షల ప్రత్యేకం – బయాలజీ

మెదడు దెబ్బతిన్నప్పుడు ఏ సామర్థ్యం పోయిందో చెప్పే ఈ పదాలు గ్రీకు నుంచి వచ్చాయి. ముందున్న ‘అ’ లేకపోవడాన్ని, ‘డిస్’ ఇబ్బందిని సూచిస్తుంది.

భాష
• బ్రోకా అఫేసియా: ఎడమ ఫ్రంటల్ లోబ్ దెబ్బతింటే వస్తుంది. ఎదుటివారి మాట చాలావరకు అర్థమవుతుంది, తన మాట పెగలదు. 1861లో పాల్ బ్రోకా పరిశీలించిన రోగి ఏం అడిగినా దాదాపు ‘టాన్’ అనే శబ్దమే పలికేవాడు.
• వెర్నికే అఫేసియా: ఎడమ టెంపొరల్ లోబ్ వెనుక భాగానికి చెందినది. మాట ధారాళంగా వస్తుంది, అర్థం ఉండదు. కార్ల్ వెర్నికే 1874లో వివరించారు.
• డిసార్థ్రియా: భాష చెక్కుచెదరదు. నోటి కండరాలు పట్టు తప్పి ఉచ్చారణ ముద్దగా మారుతుంది.
• అలెక్సియా: చదవలేకపోవడం. అగ్రాఫియా: రాయలేకపోవడం.

కదలిక
• అప్రాక్సియా: కండరాల్లో బలం ఉన్నా, నేర్చిన పని చేయలేకపోవడం. దువ్వెన చేతికిచ్చినా ఎలా దువ్వుకోవాలో తోచదు.
• అటాక్సియా: కదలికల్లో పొందిక తప్పడం, తూలుతూ నడవడం. ప్రధానంగా అనుమస్తిష్కానికి సంబంధించినది.

గుర్తింపు
• అగ్నోసియా: చూపు బాగున్నా వస్తువును పోల్చుకోలేకపోవడం. తాళంచెవుల గుత్తిని చూసి చెప్పలేని వ్యక్తి, అది గలగలమనగానే చెప్పగలడు. ఈ పదాన్ని 1891లో సిగ్మండ్ ఫ్రాయిడ్ వాడారు.
• ప్రోసోపాగ్నోసియా: ముఖాలను గుర్తుపట్టలేకపోవడం. గొంతు వింటే తెలుస్తుంది.

గుర్తుంచుకోండి: మాట పోయినంత మాత్రాన తెలివి పోయినట్టు కాదు. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మాట తడబడితే అది పక్షవాతం కావచ్చు. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.