వణుకు లేని కంపవాతం: చట్టంలో చోటు పొందిన ఒక అరుదైన వ్యాధి

ఇంట్లో పెద్దవారు మెట్లు దిగుతూ పడిపోతే చెప్పులనో, కళ్లజోడునో, చివరకు వయస్సునో తప్పుపట్టడం మనకు అలవాటు. అయితే పదే పదే, అదీ వెనుకకు వాలి పడుతున్నప్పుడు కారణాన్ని మెదడులో వెదకవలసి ఉంటుందని పాఠకులకు నా మనవి.

'ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీ' అనే నాడీవ్యాధిని 1964లో స్టీల్, రిచర్డ్‌సన్, ఒల్‌షెవ్‌స్కీ అనే ముగ్గురు వైద్యులు వర్ణించారు. 'టౌ' అనే మాంసకృత్తు మెదడు కాండంలోను, పరిసర భాగాలలోను పేరుకొని అక్కడి కణాలను క్షీణింపజేస్తుంది. సుమారు లక్షమందిలో ఐదారుగురికి, సాధారణంగా 60 ఏళ్లు దాటాక వస్తుంది. నడకలో తూకం తప్పుతుంది. మెడ బిగుస్తుంది. మాట ముద్దగా వస్తుంది. మింగేటప్పుడు పొలమారుతుంది. అన్నిటికన్నా విచిత్రం, చూపు బాగానే ఉన్నా కనుగుడ్లు క్రిందికి తిరగవు. కంచంలోని అన్నం, కాలిముందరి మెట్టు కంటికి ఆనవు. చాలామందిలో వణుకు కనిపించదు. అయినా తొలిదశలో దీనిని పార్కిన్‌సన్ వ్యాధిగా భావించడం తరచు జరుగుతుంది.

అమెరికా ప్రతినిధుల సభలో వర్జీనియా సభ్యురాలు జెన్నిఫర్ వెక్స్‌టన్ విషయంలో అదే జరిగింది. తనకు పార్కిన్‌సన్ వ్యాధి ఉన్నదని 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన ఆమె, అసలు వ్యాధి ఇదని సెప్టెంబరులో వెల్లడించారు. పార్కిన్‌సన్ నిర్మూలనకు జాతీయ ప్రణాళిక కోరే బిల్లును గస్ బిలిరాకిస్, పాల్ టాంకో అనే సభ్యులు అప్పటికే ప్రతిపాదించి ఉన్నారు. అది 2023 డిసెంబరులో 407-9 ఓట్లతో ప్రతినిధుల సభలోను, 2024 మేలో ఏకగ్రీవంగా సెనేట్‌లోను నెగ్గినది. జూలై 2న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేశారు. చట్టానికి బిలిరాకిస్ సోదరుడు ఇమ్మాన్యుయేల్ పేరు, వెక్స్‌టన్ పేరు పెట్టారు. మాట సన్నగిల్లిన ఆమె అదే నెలలో, కంప్యూటరు పునఃసృష్టించిన తన కంఠస్వరంతోనే సభలో ప్రసంగించారు!

పార్కిన్‌సన్‌ను పోలిన వ్యాధులను కూడా ఈ చట్టం తన పరిధిలోనికి తీసుకొన్నది. సలహా మండలిలో రోగులకు, వారిని సాకేవారికి స్థానం కల్పించినది. వ్యాధి పేరే తెలియక ఏళ్లు గడిపే కుటుంబాలకు నా దృష్టిలో ఇదే పెద్ద మేలు.

ఇక మన వైద్యం సంగతి. కంపవాతానికి దూలగొండి గింజలు వాడడం మనకు తెలిసినదే. వాటిలో 'లెవోడోపా' ఉన్నదని 1937లో మన దేశంలోనే గుర్తించారు. కాని ఈ వ్యాధిలో లెవోడోపా వల్ల కలిగే ఉపశమనం స్వల్పం, తాత్కాలికం. ఆయుర్వేదాభిమానినైనా ఈ మాట దాచలేను. లెవోడోపా మాత్రలు వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా దూలగొండి చూర్ణం కలిపి తీసుకొంటే మోతాదు మితిమీరుతుంది.

వ్యాధిని ఆపగల మందు ఇంతవరకు లేదు. కనుక పరిచర్యే ప్రధానం. కంచాన్ని కంటి ఎత్తుకు దగ్గరగా అమర్చండి. పలుచని నీళ్లకు పొలమారేవారిలో కొందరికి చిక్కని జావ సులభంగా దిగుతుంది. ఎంత చిక్కదనం తగునో వైద్యుని అడిగి నిర్ణయించుకోండి. స్నానాలగదిలో పట్టుకొనడానికి కడ్డీ బిగించండి. నరాల వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు, పడిన ప్రతిసారీ ముందుకా, వెనుకకా అన్నది తేదీతో సహా వ్రాసి తీసుకొని వెళ్లండి.