మెట్ట రైతునకు బాడుగ గదులు: తొలి లెక్క

వేరుసెనగ విత్తనశుద్ధిని చూపుటకై మేము ఒక గ్రామమునకు పోయియుండగా, పని ముగిసిన పిమ్మట ఒక పెద్దరైతు మమ్ము చింతచెట్టు నీడకు పిలిచి యిట్లడిగెను: "అయ్యా, నాలుగో బోరు కూడా ఎండిపోయింది. మూడెకరాలు అమ్మి అనంతపురంలో నాలుగు రూములు కట్టిస్తే నెలనెలా బాడుగ వస్తాది గదా? ఇంక వానతో మనకేం పని?"

చుట్టునున్నవారందరును మా ముఖము చూచిరి. ఆనాడు మేము "తొందరపడవలదు" అని మాత్రము చెప్పి వచ్చితిమి. అది సమాధానము కాదు. ఇట్టి ప్రశ్నను మన సంఘ సభ్యులు పలువురు అడుగుచున్నారు గనుక, దానికి తగిన లెక్కను ఈ పాఠమున వివరింతుము.

ఆ రైతు ప్రశ్న తప్పు కాదు. మన సీమలో ఏటికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు, అనగా సుమారు 22 అంగుళములు. అదియును వేళకు రాదు. కావున వానతో నిమిత్తము లేని రాబడి యొకటి ప్రతి యింటికిని ఉండుట మేలు. గొర్రెలు, పాడిపశువు ఎట్టివో బాడుగ గదియు నట్టిదే. అయితే బాడుగకును కరవు కలదు. అది ఆకాశమునుండి రాదు. గది ఖాళీ యగుటవలన వచ్చును.

1. రాబడి లెక్క

స్థలము మన సొంతమే యనియు, దానిపై రెండు గదులు, మరుగుదొడ్లతో సహా, కట్టుటకు 8 లక్షల రూపాయలైనవనియు ననుకొందము. గదికి నెలకు 3,500 చొప్పున బాడుగ. ఏటికి 84,000. "నూటికి పది వచ్చుచున్నది" అని చాలమంది ఇక్కడనే లెక్క ఆపుదురు. ఆపరాదు. ఒకరు పోయి మరియొకరు వచ్చులోపల గదికి ఏటికి రెండు నెలలు ఖాళీ పోవునని పెట్టుకొనవలెను. అప్పుడు వచ్చునది 70,000. ఇంటిపన్ను, సున్నము, మోటారు బాగు, కొళాయిలు, తలుపుల మరమ్మతు కలిసి 12,000 అనుకొన్నచో మిగులునది 58,000. అనగా నూటికి ఏడుంబావు. మన గ్రామపు వడ్డీ భాషలో చెప్పవలెనన్న, నూటికి నెలకు అరువది పైసలు మాత్రమే. స్థలమును కొనవలసివచ్చినచో ఆ వెలను గూడ కలుపవలెను. అప్పుడు ఇంకను తగ్గును.

ఇప్పుడు అప్పు సంగతి చూడుడు. ఆ 8 లక్షలలో 6 లక్షలు నూటికి ఏటికి పది వడ్డీకి తెచ్చినచో మొదటి యేటి వడ్డీయే 60,000. ఖాళీ నెలలను లెక్కలో పెట్టినచో చేతినుండి 2,000 పోవును, అసలు తీరదు. రెండు లక్షలే అప్పైనచో వడ్డీ 20,000 పోగా 38,000 మిగిలి అసలు తీర్చుటకు పనికివచ్చును. ఇక నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి, అనగా ఏటికి 24 చొప్పున, తెచ్చి కట్టిన గదులు ఎన్నటికిని మనవి కావు.

ఈ పాఠమును మేము నష్టపడియే నేర్చితిమి. 2019లో ఒక కళాశాల సమీపమున అట్టి వడ్డీకే అప్పు తెచ్చి రెండు గదులు కట్టించితిమి. విద్యార్థులు చేరిరి. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. పిల్లలు స్వగ్రామములకు పోయిరి. గదులు నెలల తరబడి తాళములతో నుండెను. వడ్డీ మాత్రము ఒక్క నెలయు ఆగలేదు. ఇంటి బంగారమును కుదువపెట్టి తీర్చితిమి. ఆరు నెలల ఖర్చును ముందే దాచియుంచినచో ఆ బంగారము ఇంటనే యుండెడిది.

పంట ఋణమును గోడలలో పెట్టరాదని వేరుగ చెప్పవలసియున్నది. 3 లక్షల వరకు ఆ ఋణము నూటికి 7 వడ్డీకి దొరకును. గడువులోగా చెల్లించినవారికి 3 తగ్గి 4 అగును. గది బాడుగ ఏడాదిలో ఆ ఋణమును తీర్చజాలదు. గడువు తప్పిన రైతు ఆ రాయితీని పోగొట్టుకొని, మరుసటి ఖరీఫునకు విత్తనము కొనుటకు చేతులు చాచవలసివచ్చును.

2. ఎవరి కొరకు కట్టుచున్నాము?

విత్తునకు ముందు నేలను చూతుము గదా. గదికి ముందు మనిషిని చూడవలెను. అనంతపురములో విశ్వవిద్యాలయముల విద్యార్థులు కలరు; వారికి సెలవుల కాలము ఖాళీ కాలము. గుంతకల్లులో రైల్వే ఉద్యోగులు కలరు. వారికి బదిలీలు కలవు గాని, పోయినవాని స్థానమున మరియొకడు వచ్చును. ధర్మవరములో పట్టునేతగాండ్రు ఇల్లు చూడ వచ్చినప్పుడు మొదట చూచునది మగ్గమునకు చోటు, గుంటకు నేల, వెలుతురు. రాతిపలకలు పరచిన అందమైన గదికంటె వారికి మగ్గము పట్టు గదియే మేలు. పెనుకొండ వద్ద ఎర్రమంచిలో మోటారుకార్ల కర్మాగారమునకు 2017లో ఒప్పందము జరిగి, 2019లో పని మొదలయ్యెను. అచ్చట పనివాండ్రు గదులు వెదకుదురు.

అయితే ఒక్క ఆధారమును నమ్మి అందరును కట్టినచో ఏమగునో పుట్టపర్తి చెప్పుచున్నది. యాత్రికుల కొరకు అచ్చట ఎన్నియో వసతి గృహములు లేచినవి. 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా మరణించిన పిమ్మట రాకపోకలు తగ్గి చాల గదులు ఖాళీపడినవి. 2022 ఏప్రిల్ 4న ఆ ఊరు కొత్త జిల్లాకు ముఖ్యపట్టణమై కచేరీలు వచ్చినవి. పదునొకండేండ్లు వేచియుండగలిగినవానికి అది ఊరట. అప్పుతో కట్టినవాడు అంతకాలము వేచియుండలేడు. వేరుసెనగ యొక్కటే నమ్మిన చేనికిని, ఒక్క వాకిలినే నమ్మిన గదికిని భేదము లేదు.

3. నీరు, పత్రములు

మన సీమలో నీరు లేని గదిలో నెవరును నిలువరు. స్థలము కొనుటకు ముందు ఎండకాలమున, ఏప్రిల్ లేక మే నెలలో, ఇరుగుపొరుగు బోర్లను స్వయముగా చూడవలెను. పురపాలక కొళాయి ఎన్ని దినముల కొకసారి వచ్చునో అడుగవలెను. ట్యాంకరు నీరు కొనవలసివచ్చినచో ఆ ఖర్చును మొదటి లెక్కలో కలుపవలెను. మిద్దెపై పడు వాననీటిని ఇంకుడుగుంతలోనికి త్రిప్పుట కట్టునప్పుడే చేయవలెను.

స్థలపు పత్రములలో మూడింటిని చూడక బయానా ఇయ్యరాదు. మొదటిది రిజిస్ట్రేషను కచేరీలో దొరకు ఈసీ. స్థలము తాకట్టులో నున్నదో, ఎవరెవరి చేతులు మారినదో అందు తెలియును. రెండవది 22-ఏ జాబితా. అందులోని సర్వే నంబర్లకు రిజిస్ట్రేషను జరుగదు. భూమి లేని పేదలకు ప్రభుత్వమిచ్చిన డి.కె.టి. పట్టా భూముల అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించెను. దానికి పిమ్మట సవరణలు వచ్చినవి గనుక, అట్టి భూమి యని తెలిసినచో తహసీలుదారు కచేరీలో విచారింపక అడుగు వేయరాదు. మూడవది లేఅవుటు అనుమతి. రోడ్డుప్రక్కన రాళ్లు పాతి రంగులు పూసినంతమాత్రమున చేను ఇంటిస్థలము కాదు.

4. బాడుగకు వచ్చువారితో

మాటమీద గది ఇయ్యరాదు. ఏడాదికి మించిన బాడుగ పత్రమును రిజిస్ట్రేషను చేయవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. పదునొకండు నెలల పత్రములు వాడుకలోనికి వచ్చుట ఇందువలననే. బాడుగ ఎంత, కరెంటు ఎవరిది, సున్నము ఎవరిది, ఖాళీ చేయుటకు ఎన్ని దినముల ముందు చెప్పవలెను, అను నాలుగును అందు వ్రాయవలెను. గదికి వేరు మీటరు పెట్టించినచో సగము తగవులు పుట్టవు.

అడ్వాన్సు మన రాబడి కాదు. తిరిగి ఇయ్యవలసిన సొమ్ము. 2021లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు పంపిన మాదిరి చట్టము, నివాసపు ఇంటికి రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసికొనరాదనుచున్నది. ఆ సొమ్మును సంఘములో డిపాజిటుగా నుంచుడు. పెండ్లి ఖర్చులకు తీయకుడు.

సేద్యపు రాబడిపై ఆదాయపు పన్ను లేదు గనుక బాడుగపైనను లేదని కొందరనుకొందురు. అది పొరపాటు. బాడుగ పన్ను లెక్కలోనికి వచ్చును. చెల్లించిన ఇంటిపన్ను తీసివేసి, మిగిలినదానిలో నూటికి 30 వంతులు మరమ్మతుల నిమిత్తము తగ్గింతురు. రసీదులు భద్రపరచుడు.

5. ఆ రైతునకు మా సమాధానము

మూడెకరములను ఒక్కసారి అమ్మవలదు. బోరు ఎండిన చేను మెట్టగా నిలుచును. కందియో కొర్రయో పండును. అమ్మిన చేను మరల రాదు. మొదట ఒక్క గది కట్టుడు. అదియు ఉన్న స్థలములోనే. ఖర్చులో మూడు పాళ్లు పొదుపునుండి, ఒక పాలు మించని అప్పునుండి రావలెను. ఆరు నెలల వడ్డీ, ఖర్చులు సంఘములో దాచిన పిమ్మటనే పునాది తీయుడు. రెండేండ్లు ఆ గది లెక్కను నోటుపుస్తకమున వ్రాసి, మిగులు కనబడినచో రెండవ గదిని తలపుడు.

మొన్న మేము మరల ఆ గ్రామమునకు పోయినప్పుడు ఈ లెక్కనంతయు ఆయన యెదుట కాగితముపై వేసితిమి. ఆయన చాలసేపు చూచి, "ఖాళీ నెలలు నేను లెక్కలో పెట్టలేదయ్యా" అనెను. మూడెకరములును ఇంకను ఆయన పేరిటనే యున్నవి. మండల కేంద్రములో తండ్రినాటి ఖాళీ స్థలము ఒకటి ఆయనకు కలదు. దాని ఈసీ కొరకు దరఖాస్తు పెట్టినాడు.

ఇట్టి తలంపున్న సభ్యులు తమ లెక్కను ఒక కాగితముపై వ్రాసి, ఖాళీ నెలలను మరువక చేర్చి, సంఘపు నెలసరి సమావేశమునకు తేవలెనని కోరుచున్నాము. అప్పు తెచ్చుటకు ముందే నలుగురును కూర్చుండి దానిని చూతము.